బాటరీల్లేని మౌస్

గిన్నెలు కడిగిన చెయ్యి కదా, తడి ఉందేమోనని కారినా వేలు ఏప్రన్‌కు తుడుచుకుని మళ్ళీ టచ్‌ప్యాడ్ మీద పెట్టి లాగింది. తెర మీద బాణం ఉన్నచోటే ఉంది. గట్టిగా నొక్కింది. రెండు వేళ్ళతో రాసి చూసింది. కళ్ళద్దాలు తుడిచే గుడ్డతో టచ్‌ప్యాడంతా మెరిసేలా తుడిచింది. చివరికి లాప్‌టాప్‌నే ఆపి మళ్ళీ వేసింది. అది బుద్ధిగా లేచి, భర్త ఆర్వో పెట్టుకున్న పడవ బొమ్మ చూపించి, వేలి సంగతి తనకేమీ తెలియదన్నట్టు ఊరుకుంది.

పదింటికి ఇంటర్వ్యూ. ఊరి చివర వృత్తివిద్యా కాలేజీలో వర్క్‌షాపుల ఆఫీసు చూసుకునే ఉద్యోగం. వీడియోలో మాట్లాడటమే అయితే ఫోన్‌తో సరిపెట్టేది. కానీ వాళ్ళు ఒక లెక్కల పట్టిక పంపుతారట, అందులో తప్పులు వాళ్ళ కళ్ళెదుటే సరిచేసి చూపించాలట. పెళ్ళయ్యాక ఆమె ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవడం ఇదే మొదటిసారి. ఇది తప్పిపోతే మళ్ళీ పెట్టుకునే ధైర్యం చేస్తుందని ఆమెకు తన మీద తనకే నమ్మకం లేదు.

"ఏం నొక్కావో ఏమో" అంది వంటింటి బల్ల దగ్గర కాఫీ తాగుతున్న ఐలీ. కారినాకు అత్తగారు. "ఆర్వో ఉంటే చిటికెలో చేసి పెట్టేవాడు."

"ఏమీ నొక్కలేదమ్మా. దానంతటదే ఆగిపోయింది."

"యంత్రాలు ఊరికే ఆగిపోవు" అని ఐలీ ఏలకుల రొట్టె కాఫీలో ముంచుకుంది. "అయినా తొందరేముంది, ఇంకా ఎనిమిదేగా."

ఎనిమిది కాదు, తొమ్మిది దాటింది. గోడ గడియారం నిన్నటి నుంచి ఎనిమిది దగ్గరే ఉంది. దాని బాటరీ ఆర్వో పట్టుకుపోయాడు. అక్టోబరు వస్తే కెనడాలోని ఈ థండర్ బే ఊళ్ళో చాలా ఇళ్ళలో ఇదే తంతు. మగవాళ్ళు మూస్ అనే పెద్ద దుప్పుల వేటకని అడవిలో క్యాంపుకు బయల్దేరతారు, తలకు కట్టుకునే దీపాలకీ రేడియోలకీ ఇంట్లో బాటరీలన్నీ ఊడ్చుకుపోతారు. టీవీ రిమోట్ వెనక మూత తీసి ఉంటుంది. బాత్రూమ్ తూకం మిషన్ మూగపోతుంది. సాసేజీలు చుట్టి పెట్టేది, ఉన్ని మేజోళ్ళు జతలు కలిపేది, కాఫీపొడి డబ్బాకెత్తేది కారినా. ఆర్వో తుపాకీ, బాటరీలు సర్దుకుంటాడు. క్యాంపులో అందరితో "సర్దేసరికి నడుం పోయిందిరా" అని చెప్పుకుంటాడట. ఈసారి వైరులేని మౌస్ వంతు కూడా వచ్చింది. బల్ల మీద వెల్లకిలా పడి ఉంది, పొట్ట ఖాళీగా.

కొత్త బాటరీలు కొనుక్కురావాలంటే దుకాణం హైవే మీద ఉంది, ట్రక్కు క్యాంపులో ఉంది. ఆర్వోని అడుగుదామంటే క్యాంపులో సిగ్నల్ లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరో ఒకరు గుట్టెక్కి ఇళ్ళకు ఫోన్లు చేస్తారు, అంతే. అడిగినా ఏమంటాడో ఆమెకు తెలుసు. నువ్వు ఏం చేశావు అనే మొదలుపెడతాడు. ఆర్వో చెడ్డవాడని ఆమె ఎన్నడూ అనుకోలేదు. చెయ్యెత్తలేదు, తాగి తూలలేదు, పుట్టినరోజు మరిచిపోలేదు. పడవ మోటార్లూ మంచు మీద నడిచే స్నోమొబైల్ బళ్ళూ బాగుచేసే షాపు అతనిది. షాపు బిల్లులు, పన్నుల లెక్కలు, విడిభాగాల ఆర్డర్లు, బాకీ ఎగ్గొట్టేవాళ్ళకు ఫోన్లు, ఇవన్నీ ఇంట్లో ఈ బల్ల మీద జరుగుతాయి. ఎవరైనా అడిగితే "మా ఆవిడ కొంచెం సాయం చేస్తుంది" అంటాడు. దరఖాస్తు పెడుతున్నానని చెప్పినప్పుడు పెద్దగా నవ్వాడు. "అనుభవం అన్నచోట ఏం రాస్తావు? మా ఆయనకు సాయం అనా?" వెక్కిరింపు కూడా కాదది, నిజంగానే సందేహం వచ్చినట్టు అడిగాడు. ఆమెకు ఇంకో మాట తోచక అదే రాసి పంపింది. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వేలు ఎంత గీకినా లాభం లేదని తేలాక, ఏం చేయాలో తెలియక కీబోర్డు మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఎడమచేతి చిటికెన వేలు దానంతటదే పోయి ట్యాబ్ మీట నొక్కింది. తెర మీద ఒక గడి వెలిగింది. మళ్ళీ నొక్కింది. పక్క గడి వెలిగింది.

పెళ్ళికి ముందు నుంచే ఆమె రేవులో ధాన్యం గిడ్డంగి ఆఫీసులో పనిచేసేది. ఆకుపచ్చ అక్షరాల తెరలవి, మౌస్ అన్నదే లేదు. ఓడలో గోధుమ ఎంత ఎక్కిందో, ఏ బోగీ ఖాళీ అయిందో అన్నీ మీటలతోనే. అప్పటి కారినా చూడకుండా కొట్టేది, పక్కవాళ్ళతో కబుర్లు చెబుతూ కొట్టేది. పిల్లాడు పుట్టాక మానేసింది. మానెయ్యమని ఎవరూ అనలేదు, షాపు తెరిచే రోజుల్లో ఇంకెలా కుదురుతుందని అందరూ అనుకున్నారు, ఆమెతో సహా.

సెట్టింగులు తెరిచింది. ట్యాబ్, బాణం మీట, ఎంటర్. టచ్‌ప్యాడ్ అన్న పేజీకి దారి దొరికింది. అక్కడ ఒక వాక్యం ఉంది: మౌస్ తగిలించి ఉన్నప్పుడు కూడా టచ్‌ప్యాడ్‌ను పనిచేయనివ్వాలి. దాని పక్క గడిలో టిక్కు లేదు.

పోయిన చలికాలం ఆర్వో ఈ బల్ల దగ్గర ఒంటివేలితో ఏదో టైపు చేస్తూ విసుక్కోవడం గుర్తొచ్చింది. చొక్కా చెయ్యి తగిలి బాణం ఎగిరిపోతోందని గొణిగాడు. కాసేపటికి "ఇక గొడవ లేదు, సరిచేశాను" అన్నాడు. అతనికి సరి అయింది. ఆమె కూడా మౌస్‌కే అలవాటుపడి ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. కానీ మౌస్ చచ్చి ఊరుకుంది కదా? లాప్‌టాప్ పక్కకు వంగి చూసింది. గోరంత మౌస్ రిసీవర్ బిళ్ళ ఇంకా అక్కడే దూరి ఉంది. అది ఉన్నంతసేపూ మౌస్ ఉన్నట్టే లెక్క. మనిషి అడవిలో ఉన్నాడు, బాటరీలు అతని నెత్తి మీద వెలుగుతున్నాయి, ఇక్కడ ఆమె వేలు మాత్రం చెల్లదు.

ఆమెకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళలో ఇంత శుభ్రమైన కోపం ఎప్పుడూ రాలేదు. స్పేస్ మీట నొక్కింది. గడిలో టిక్కు పడింది. వేలు పెట్టి లాగితే బాణం పరుగెత్తుకుంటూ వచ్చింది. అంతటితో ఊరుకోకుండా ఆ బిళ్ళను గోటితో పీకి, మౌస్ ఖాళీ పొట్టలో పడేసి మూత పెట్టింది.

ఇంటర్వ్యూలో ఇద్దరున్నారు. పట్టిక సరిచేయడం ఆమె మీటలతోనే చేసింది, టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నా. ఆ ఇద్దరిలో వయసు మళ్ళినావిడ నాలుగైదు ప్రశ్నలయ్యాక దరఖాస్తు చూస్తూ అడిగింది. "భర్తగారి షాపులో సాయం అని రాశారు. ఒక నెల మీరు లేరనుకోండి. ఆ పని ఎవరు చూస్తారు?"

కారినా చూపు బల్ల చివరనున్న షాపు బిల్లుల మీదికి పోయింది. "ఎవరూ చూడరు" అంది. "నేనొచ్చేదాకా అలాగే పడుంటుంది."

"అయితే దాన్ని సాయం అనరండీ" అందావిడ, నవ్వకుండా, కాగితం మీద ఏదో రాసుకుంటూ.

లాప్‌టాప్ మూసి వంటింట్లోకి వస్తే ఐలీ కాఫీ చల్లారిపోయి ఉంది. అంతా విన్నట్టుంది. మామగారు బతికున్న రోజుల్లో ఆయన గ్యారేజీ లెక్కలు ఐలీ రాసేదని కారినాకు తెలుసు, ఆవిడ ఎప్పుడూ ఎత్తదు. ఇప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తూ "నన్నెవరూ అలా అడగలేదు" అంది. కారినా కప్పు తీసుకుని వేడి కాఫీ పోసి ఇచ్చింది.

ఫోన్ మోగినప్పుడు అవతల గాలి హోరు. ఆర్వో గుట్ట మీద నుంచి అరుస్తున్నాడు. "ఇదిగో, హకాలావాళ్ళ పడవ మోటారు బిల్లు పంపలేదు. ఇవాళే పంపు, మరిచిపోకు. ఇక్కడ చలి చంపేస్తోంది. మూస్ జాడ లేదు. అన్నట్టు నీదేదో ఇంటర్వ్యూ అన్నావు? ఉద్యోగం ఇచ్చారా?"

"వాళ్ళ మాట శుక్రవారం చెబుతారు. నా మాట ఇప్పుడే చెబుతున్నాను, విను. వాళ్ళు తీసుకున్నా తీసుకోకపోయినా నీ షాపు లెక్కలు ఇక నేను చూడను."

గాలి హోరులో ఆర్వో గొంతు తగ్గింది.

"అదేంటి? మరి ఎవరు చూస్తారు?"

పొద్దున అదే ప్రశ్న అడిగినావిడకు జవాబు చెప్పడానికి ఆలోచించాల్సి వచ్చింది. ఇప్పుడు అక్కర్లేకపోయింది.

"వచ్చేటప్పుడు నీ మౌస్‌కు బాటరీలు తెచ్చుకో" అంది కారినా.