ఎడమ చివర ఏడు

చిన్న టీచరుకి ఒళ్ళు మండిపోతోంది. తను సరదాగా బోర్డు మీద రాసిన సంఖ్యను అడ్డం పెట్టుకుని, తనను ఇక్కడ చేర్పించిన మనిషినే బయటికి పంపుతున్నాడీ డైరెక్టరు!

నిన్న టీ తాగుతూ రాసింది: 73939133. ఒకటీ, తనూ తప్ప ఇంకే సంఖ్యా దాన్ని శేషం లేకుండా భాగించలేదు. కుడి చివరి అంకె చెరిపేస్తే మిగిలిందీ అంతే. మళ్ళీ చెరిపినా అంతే. చివరికి ఒక్క ఏడే మిగిలినా లొంగదు. ట్యూషన్ సెంటర్లో ఉన్నది ఎనిమిది మంది, అందరూ లెక్కల టీచర్లే. పిల్లల్లా మురిసిపోయి, చేరిన వరుసలో తలా ఒక అంకె పంచుకున్నారు. అందరికన్నా పాతకాపు పెద్ద టీచరు ఏడు. కిందటేడు చేరిన చిన్న టీచరు చివరి మూడు.

గుమ్మంలో నిలబడి అదంతా విన్న డైరెక్టరు ఈ ఉదయం అందర్నీ స్టాఫ్ రూముకి పిలిచాడు.

"ఒకటి తీసేసినా చెక్కుచెదరదన్నారు కదా? మనమూ అంతే. పిల్లలు తగ్గారు. పెద్ద టీచర్ గారు ఇక విశ్రాంతి తీసుకుంటారు" అన్నాడు, చావు కబురు చల్లగా చెప్పినట్టు.

సెంటరు ఒక్క గదిగా ఉన్న రోజుల్లో బల్లలు తనే తుడుచుకుని పాఠం చెప్పిన మనిషామె. తల దించుకుని కళ్ళజోడు తుడుచుకుంటోంది.

"ఆగండి సార్!" చిన్న టీచరు లేచి, బోర్డు మీద ఇంకా ఉన్న సంఖ్యలో ఏడుని అరచేత్తో మూసింది. "కుడి పక్క నుంచి తీస్తేనే అది నిలబడేది. ఎడమ పక్క ఏడు పీకి చూడండి, మిగిలింది పదకొండుతో ఇట్టే భాగం పోతుంది. వాడుకునే లెక్కేదో సరిగ్గా వాడుకోండి!"

డైరెక్టరు పక్కనే భాగించి చూశాడు. శేషం సున్నా.

"నిజమే. అయితే కుడి పక్క నుంచే తీద్దాం" అంటూ చివరి మూడుని డస్టరుతో తుడిచేశాడు. "సాయంత్రంలోగా సర్దుకోండి, చిన్న టీచర్."

తన మాటే తన మెడకు చుట్టుకుంది. మిగిలిన ఏడంకెలూ నిజంగానే లొంగకుండా నిలబడ్డాయి, అదీ ఆమె కోపం. లోకంలో న్యాయం ఎలాగూ లేదు, లెక్క కూడా వీడి పక్షమేనా?

పెద్ద టీచరు మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది. డైరెక్టరు చేతిలోంచి డస్టరు లాక్కుని, ఏడుని గట్టిగా రుద్ది చెరిపేసింది.

"పదవే అమ్మాయ్."

"మీరెందుకండీ టీచర్ గారూ? మీరుండొచ్చు" అన్నాడు డైరెక్టరు కంగారుగా.

"ఇందాకేగా పొమ్మన్నావు బాబూ. ఏదో ఒక మాట మీదుండు."

చిన్న టీచరు సంచి భుజాన వేసుకుంది. బోర్డు మీద మిగిలిన 393913 పక్కన సుద్దముక్కతో పదమూడు అని రాసింది.

"భాగించి చూసుకోండి సార్."

ఆయన సుద్దముక్క కోసం వెతుక్కునేలోపే, కుర్చీల్లో ఉన్న ఆరుగురూ నోటితోనే లెక్క కట్టేశారు: శేషం సున్నా. ఒకాయన మెల్లగా తన టీ కప్పు కడిగి సంచిలో పెట్టుకోసాగాడు.