సోమవారం పడవ

దీవిలోని మిన్నీ బే పేటలో ఉండే వాసవి తెలుగులో డిటెక్టివ్ నవలలు రాస్తుంది. అన్నిట్లోనూ, విక్టోరియా రాణి కాలంలో అప్పట్లో ఖైదీల దీవైన ఇక్కడికి వచ్చిన ఫెన్విక్ దొరసాని అనే ఇంగ్లీషు రచయిత్రే హంతకుల్ని పట్టిస్తుంది. ఆ నవలలన్నీ చదివిన సుందరి ఒక బుధవారం ఉదయం ఏడుస్తూ వచ్చింది.

"దీదీ, మొన్న సోమవారం మా ఆయన్ని తోటలో నరికీసినారు. మా పనోడు వీరేంద్రే సేసాడని ఊరోళ్లు ఆణ్ని సెట్టుకి కట్టి కొట్టి, పోలీసులకిచ్చీసినారు. ఆడు కాదు దీదీ. నీ దొరసాని లాగ ఒక్కసారొచ్చి సూడు."

వాసవి ఆమె వెంట వాళ్ల ఊరు చౌల్దారీ వెళ్లింది. పోకతోటలో సుందరి భర్త అప్పయ్య పడిన చోట ఎండుటాకులు నెత్తుటితో నల్లగా అట్టకట్టాయి. మెడ మీద మూడు, మొహం మీద రెండు వేట్లు పడ్డాయట. నవలల్లో ఇలాంటి చావును ఆమె ఒక్క వాక్యంలో ముగించేది. ఇక్కడ ఈగల మోతకే వాంతి చేసుకుంది.

అప్పయ్య తమ్ముడు చక్రి ఆమెను ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. వండూర్ జెట్టీ నుంచి మెరైన్ పార్కు దీవులకు టూరిస్టుల పడవ నడుపుతాడతను.

"సోమవారం నువ్వెక్కడున్నావు చక్రీ?" దొరసాని అందరినీ అడిగే ప్రశ్నే అడిగింది వాసవి.

"పడవ మీదే దీదీ. సాయంత్రం దాకా టూరిస్టులే. నానుంటే అన్నయ్య బతికీవోడు."

"సోమవారం పార్కు బంద్ కదా! పడవలు కదలవు."

గుమ్మంలో ఉన్న సుందరి చక్రి వైపు తిరిగింది. "మీ అన్న తోట రిసార్టుకి అమ్మనన్నాడనేనా సంపీసినావు?"

చక్రి చూరులోంచి కత్తి లాగి వాసవి మీదికి దూకాడు. అడ్డం పెట్టిన ఆమె చేయి ఎముక దాకా తెగింది. రెండో వేటుకు కత్తి ఎత్తేలోగా సుందరి గుమ్మం పక్కనున్న గునపం అందుకుని అతని మోకాలి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడైంది. పడినవాణ్ని మళ్లీ కొట్టింది, మళ్లీ.

"ఛోడ్ దో సుందరీ, వదిలెయ్! చచ్చిపోతాడు!" వాసవి ఆపబోయింది.

"నా మొగుడు సావలేదా?" అని అరిచింది సుందరి. కానీ గునపం వదిలేసింది.

ఆసుపత్రి మంచం మీదే చక్రి నేరం ఒప్పుకున్నాడు. వాసవి చేతికి పద్నాలుగు కుట్లు పడ్డాయి. రెండు వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు. వీరేంద్ర విడుదలయ్యాడు గాని, తనను కొట్టినవాళ్ల మధ్య ఉండలేనన్నాడు. సుందరి ఆపలేదు. ఆ దెబ్బలకు విరిగిన అతని చేయి ఇంకా కట్టులోనే ఉంది కాబట్టి, బస్సు దాకా పెట్టె తనే మోసింది.