పడుగు కోసిన రోజు

రాజమ్మత్తను మగ్గం ముందు నుంచి లేపి, ఆమె కూర్చునే పలక మీద పట్టుచీర కట్టిన ఒక కాలేజీ అమ్మాయిని కూర్చోబెట్టారు. షెడ్డులో మేమంతా ఉన్నాం. చూస్తూ ఊరుకున్నాం.

వీడియో తీయడానికి మనుషులు వచ్చారు. షెడ్డు కాంట్రాక్టరు విజయసారథి వాళ్ల వెనకే తిరుగుతున్నాడు. ఆ అమ్మాయి పేరు శరణ్య. తెనాలి నుంచి తీసుకొచ్చారు. ఉన్నిపోగు ఎటు నుంచి ఎటు తిప్పాలో తెలియక ఆమె బిత్తరపోతుంటే, ఊరికే చేతులు కదిలించమన్నాడు సారథి. కెమెరా తిరిగేసరికి రాజమ్మత్త చీర కొంగు అందులో పడిందట.

"రాజమ్మా, నువ్వు కాస్త బయట నుంచో. నీ మొహం వద్దులే, చేతులు తర్వాత తీస్తారు" అన్నాడు.

రాజమ్మత్త బయటికి వెళ్లి ఎండలో గోడకానుకుని నిలబడింది. లోపల ఉన్నది ఆమె తివాచీ. సంక్రాంతి ముందు పడుగు బిగించి, ఎండలు ముదిరేదాకా ఒక్కో ముడీ వేసుకుంటూ వచ్చినది. పని ముగిశాక వాళ్లు నిజంగానే ఆమెను లోపలికి పిలిచి, చేతులు మాత్రం ఫొటో తీసుకుని వెళ్లారు.

మాది పెనుమూడి పక్కన కృష్ణ ఒడ్డునున్న పేట. మగవాళ్లు పొలం పనులకు పోతారు. ఆడవాళ్లం తివాచీలు నేస్తాం. మా అమ్మమ్మల కాలంలో ఏలూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం నేర్పిన పని ఇది. నిలువు మగ్గానికి నూలు పోగుల పడుగు బిగించి, ఒక్కో పోగుకూ ఉన్ని ముడి వేసి కోస్తాం. వరస నిండాక అడ్డంగా పేక దూర్చి ఇనుప దువ్వెనతో దిగ్గొడతాం. మళ్లీ వరస. పెద్ద తివాచీ అయితే ఇద్దరు పక్కపక్కన కూర్చుని నెలల తరబడి నేయాలి. వేళ్ల చివర చర్మం కాయ కడుతుంది. ఉన్ని దుమ్ముకి దగ్గు పట్టుకుంటే వదలదు. అయినా తివాచీ దింపిన రోజు పేటలో పిల్లలతో సహా అందరూ వచ్చి చూసిపోతారు.

ఆ వీడియో తర్వాత ఉన్ని రావడం ఆగిపోయింది. అడిగితే వస్తుందన్నాడు సారథి. ఉన్నికి బదులు మూటలు వచ్చాయి. విప్పితే మిషను మీద నేసిన తివాచీలు. వీపున జిగురుతో గుడ్డ అంటించి ఉంది. ఆ గుడ్డ ఊడబెరికి, జిగురు గీకి, అంచులకు చేత్తో కుచ్చులు కట్టి, ఒక చీటీ కుట్టమన్నాడు. చీటీ మీద రాజమ్మత్త చేతుల బొమ్మ. కింద 'పెనుమూడి ఆడపడుచుల చేతి ముడి' అని అక్షరాలు.

కొన్నాళ్లు కుట్టాం. కడుపులు ఊరుకోవుగా. జిగురు వాసనకు తలలు తిరిగేవి.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలోనే కూర్చున్నాం. ఫ్లోరెన్స్ కూర్చోబెట్టింది. ఇంటర్ దాకా చదివి, పెళ్లయి వచ్చాక మా దగ్గరే పని నేర్చుకున్న పిల్ల. ఈ కుట్టుపని మానేద్దామంది. కృపమ్మక్కకు కోపమొచ్చింది. ఆమె మొగుడు పోయి చాలా ఏళ్లయింది, ఇద్దరు పిల్లల్ని ఆ వేళ్లతోనే పెంచింది.

"ముడేసినా కూలే, చీటీ కుట్టినా కూలే. రేపటి నుంచి మా పొయ్యి నువ్వు ఎలిగిస్తావా ఏంటి?"

"ఈ చీటీలన్నీ కుట్టేశాక నీతో వాడికేం పనక్కా? కుచ్చులు కట్టే మిషను కూడా వచ్చుద్ది. అప్పుడెవర్ని అడుగుతావు?"

"అది వచ్చినప్పుడు చూద్దాం."

మాటా మాటా పెరిగింది. సగం మంది కృపమ్మక్క వైపే. నేను ఎటూ తేల్చుకోలేకపోయాను. చివరికి రాజమ్మత్త గొంతు సవరించుకుంది.

"నా చేతులు బొమ్మేసి అమ్ముతున్నాడు. నా చేతులకు మాత్రం పని లేదంటున్నాడు. ఇది నాకు మింగుడు పట్టంలేదమ్మా."

ఆ తర్వాత వాదన సాగలేదు. సోమవారం షెడ్డుకు వెళ్లాం గాని మూట ముట్టుకోలేదు. ఉన్ని ఇస్తే నేస్తామన్నాం.

ఉన్ని ఇవ్వలేదు. ఉన్ని ఇప్పించమని, మిషను సరుకు మీద మా పేరు తీయించమని అర్జీ రాసుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెట్టాం. రేపల్లెలో ఆఫీసరు అర్జీ చూసి, సారథి సరుకు తెనాలి గోడౌన్లో దిగుతోంది కాబట్టి తెనాలి వెళ్లమన్నాడు. తెనాలిలో ఇంకో ఆఫీసరు నవ్వాడు. జిల్లాలు విడిపోయాయిగా, తెనాలి గుంటూరు జిల్లా, మీ రేపల్లె బాపట్ల జిల్లా, మీ షెడ్డుతో మాకేం సంబంధం అన్నాడు. పొన్నూరు మీదుగా బస్సులు మారి బాపట్ల చేరాం. అక్కడ మధ్యాహ్నం దాకా వరండాలో నిలబెట్టి, షెడ్డు పరిధి రేపల్లెది, అక్కడే ఇవ్వండని తిప్పి పంపారు. కూలీ మనిషి కష్టానికి హద్దురాళ్లు ఉన్నాయని అప్పుడు తెలిసింది. సారథి మూటలకు మాత్రం ఏ హద్దూ లేదు. ఏ జిల్లాలోనైనా దిగుతాయి, ఏ జిల్లాలోనైనా అమ్ముడుపోతాయి.

 తిరుగు బస్సులో కృపమ్మక్క కిటికీలోంచి చూస్తూ తనలో తానే ఎవర్నో తిడుతూ కూర్చుంది.

మర్నాడు షెడ్డు ముందు లారీ ఆగి ఉంది. బాపట్ల సముద్రం ఒడ్డున ఎవరిదో కొత్త రిసార్టు అట. వచ్చే పోయే వాళ్లు చూడ్డానికి హాల్లో ఒక మగ్గం పెడతారట. మిగతావి పొయ్యిపుల్లల కింద అమ్మేస్తారట. సారథి ఫోనులో మాట్లాడుతూనే రాజమ్మత్త మగ్గం వైపు చెయ్యి చూపించాడు.

"దాని మీద తివాచీ ఉంది బాబూ. జానెడే మిగిలింది. దింపుకోనీ" అంది రాజమ్మత్త.

"టైము లేదు. కోసెయ్యండ్రా."

బిగిసి ఉన్న పడుగు మీద కత్తి పడితే ఎలాంటి చప్పుడవుతుందో నేను చెప్పలేను. పోగులు ఒక్కొక్కటీ టంగుమని తెగి వెనక్కి ఎగిరాయి. తివాచీ తన బరువుకు తానే జారి నేల మీద కుప్పగా పడింది. పై వరసల ముళ్లు విడిపోయి ఉన్ని రాలుతోంది. రాజమ్మత్త వంగి ఆ ఉన్నిని ఒళ్లోకి ఏరుకోవడం మొదలుపెట్టింది. ఆమె ఏడవలేదు. ఏరుతూనే ఉంది.

కృపమ్మక్క వెళ్లి లారీ ముందు కూర్చుంది. ఎవరూ చెప్పలేదు, పిలవలేదు. ఆ వెనకే ఫ్లోరెన్స్, నేను, షెడ్డులో ఉన్న వాళ్లందరం. పొలాల నుంచి మగవాళ్లు పరుగెత్తుకొచ్చారు. కృష్ణ వంతెన వైపు వెళ్లే ఆటోలు ఆగిపోయాయి. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి విసుగెత్తి దిగిపోయాడు.

జీపు వచ్చింది. మా అర్జీ మూడు ఊళ్లు తిరిగినా కదలని ప్రభుత్వం సారథి ఒక్క ఫోనుకు కదిలింది. పోలీసులు మమ్మల్ని రెక్కలు పట్టి పక్కకు లాగారు. ఫ్లోరెన్స్ లారీ చక్రాన్ని వాటేసుకుంది. ఇద్దరు లాగితే గాని రాలేదు. దౌర్జన్యం చేసిందని, మగ్గం ఎత్తుకుపోబోయిందని ఆమె మీద కేసు రాశారు. మేం నేసే మగ్గాన్ని మేమే ఎత్తుకుపోవడం. మిగతావాళ్లను రేపల్లె స్టేషన్లో పొద్దుగుంకేదాకా కూర్చోబెట్టి, మళ్లీ షెడ్డు వైపు వస్తే లోపలేస్తామని వదిలేశారు. ఫ్లోరెన్స్‌ను వదల్లేదు. మగ్గం బాపట్ల వెళ్లిపోయింది.

ఓడిపోయామనే అనుకున్నాను. పేటలో పొయ్యి వెలిగించినవాళ్లు లేరు. అప్పుడు కృపమ్మక్క ఇల్లిల్లూ తిరిగింది. షెడ్డుకు రావద్దన్నారు గాని తెనాలి పోవద్దనలేదుగా, పొద్దున్న రైలుకు పోదాం పదండి అంది.

తెనాలిలో నందివెలుగు రోడ్డు మీద సారథి గోడౌను. అప్పుడే లారీ వచ్చి మూటలు దింపుతున్నారు. మేం వెళ్లి షట్టరు ముందు కూర్చున్నాం. హమాలీల మేస్త్రి జార్జి భుజాన మూటతో ఆగిపోయాడు. ఎవరు మీరని అడిగాడు. కృపమ్మక్క జరిగినదంతా చెప్పింది. ఉన్ని సంగతి, చీటీ సంగతి, పడుగు కోసిన సంగతి, ఫ్లోరెన్స్ సంగతి.

జార్జి భుజం మీద మూట సర్దుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు:

"అదంతా నిజమే అక్కా. ఈ మూట దించకపోతే మా కూలి ఎవరిస్తారు?"

"నేనూ ఫ్లోరెన్స్‌ని ఇట్టాగే అడిగా తమ్ముడూ. జవాబు నాకూ తెలీదు. ఒక్కళ్లం ఆలోచిస్తే తెలిసేది కాదని మాత్రం తెలిసింది. అందుకే నీ దగ్గరికొచ్చా."

జార్జి మూటను మళ్లీ లారీలోకి విసిరాడు. తలపాగా విప్పి దులిపి, నేల మీద పరిచి మా పక్కన కూర్చున్నాడు. మిగతా హమాలీలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఒకడు కూర్చున్నాడు, ఇంకొకడు, తర్వాత అందరూ. ఒకతను ఫోను తీసి మార్కెట్ యార్డులో ఉన్న తన వాళ్లకు సంగతి చెప్పాడు.

సారథి కారు వచ్చింది. దిగకుండానే వెనక్కి తిప్పుకుని పోయాడు. కాసేపటికి జీపు వచ్చింది. వేరే జిల్లా, వేరే ఎస్సై, అవే మాటలు. లేవమన్నాడు. రాజమ్మత్త కదలకపోతే చెయ్యి పట్టబోయాడు. మేమందరం ఒకేసారి ఆమెను చుట్టుకున్నాం, మా చుట్టూ హమాలీలు.

అందర్నీ ఎక్కించమని కేకేశాడు ఎస్సై. జీపులో చోటు చాల్లేదు. ఇంకో బండి పంపమని ఫోను చేస్తున్నాడు. ఈలోగా మార్కెట్ యార్డు వైపు నుంచి, భుజాన తువ్వాళ్లతో, హమాలీలు ఇంకా వస్తూనే ఉన్నారు.