ఎర్ర గుంజల అవతల

అన్నంలో రాయి పంటికి తగిలిందని థోన్ కంచం పక్కకి తోసేశాడు.

"పొద్దస్తమానం నేల గోకి తుప్పు మేకులు కూడా ఏరతావట కదే! బియ్యంలో రాయి కనబడలేదా?"

"జీతం తెచ్చే కోడలు మరి. కళ్ళు నెత్తి మీదుంటాయి" అంది అత్తగారు, తన చేపముక్క కొడుకు కంచంలో వేస్తూ.

తొమ్మిదేళ్ళుగా సినాత్‌ది మందుపాతరలు తీసే పని. ఆడవాళ్ళకి ఓపికెక్కువని అక్కడి పెద్ద మెచ్చుకుంటాడు. ఇంట్లో ఆ ఓపికని మెచ్చుకునేవాళ్ళు లేరు, వాడుకునేవాళ్ళే. అయినా ఆమె మనసు కంచం దగ్గర లేదు. మధ్యాహ్నం వాగు పక్క ఆఖరి మడి పూర్తయింది. ఒక్క పాతరా మిగల్లేదు. ప్రమాదమని పాతిన ఎర్ర గుంజలు పీకబోతుంటే గడ్డిలో కణుజు జింక కనబడింది, పక్కనే కాళ్ళింకా నిలవని పిల్ల. యుద్ధంలో వాటన్నింటినీ తినేశామని నాన్న చెప్పేవాడు. ఇన్నేళ్ళూ మనిషి అడుగు పడలేదు కాబట్టే అవి తిరిగొచ్చాయి. మరి తను ఎవరికోసం శుభ్రం చేసినట్టు? పిల్లలు రెండు కాళ్ళతో బడికెళ్ళాలి, ఊరికి దుంపతోట కావాలి, అదీ నిజమే. ఎటూ తేల్చుకోలేక గుంజలు అలాగే వదిలేసి వచ్చేసింది.

థోన్ లేచి చూరులోంచి మోటార్‌సైకిల్ బ్రేకు తీగలు తీశాడు. ఉచ్చులకి అవే వాడతాడు.

"వాగు పక్క కణుజు తిరుగుతోందట. పిల్ల కూడా ఉందట, లేతమాంసం. చీకటి పడకముందే పెట్టొస్తా. ఆ మడి అయిపోయిందా?"

నేల గురించి ఆమె ఇంతవరకూ ఒక్క తప్పుమాట చెప్పి ఎరగదు.

"లేదు. ఇంకా చూడలేదు."

థోన్ మెట్టు మీద పెట్టిన కాలు అక్కడే ఆగింది. "నిజంగానా?"

"వెళ్తే మీ ఇష్టం."

తన కాలి వంక చూసుకున్నాడు. మెల్లగా వెనక్కొచ్చి తీగలు మళ్ళీ చూరులో దోపాడు. కంచం ముందుకి లాక్కుని, రాయి తనే ఏరుకుని తినసాగాడు.

సినాత్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అమ్మకి జబ్బు చేసిందని చెప్పినా, కూతురి చదువు మాన్పించొద్దని బతిమాలినా, పద్నాలుగేళ్ళ కాపురంలో ఈ మనిషి ఏనాడూ ఆమె మాటకి ఆగలేదు. తీరా ఇవాళ ఆగాడు, ఆమె ఆడిన ఒకే ఒక్క అబద్ధానికి.