జూలై ఒకటిన పుట్టినవాళ్ళు

ఉక్కు ప్లాంటు పక్కనున్న ఖుర్సీపార్‌లో నీలిమ చదివిన బడిలో సగం మంది పిల్లలు జూలై ఒకటో తారీఖున పుట్టారు. తల్లులందరూ ఒకే రోజు నొప్పులు పడ్డారని కాదు. కొత్త పేర్లు రాసుకునేది జూలైలో. తండ్రి తారీఖు కోసం తడుముకుంటే మాస్టరు ఒకటి వేసేవాడు. బతిమాలితే ఏడాది కూడా తగ్గించేవాడు. వయసు తక్కువుంటే నౌకరీ నాలుగు రోజులు ఎక్కువ నడుస్తుందని తండ్రుల లెక్క.

ఆ లెక్క ఎంత గుల్లదో నీలిమకు కార్ఖానాల పేట హథ్‌ఖోజ్‌లో తెలిసింది.

ఐటీఐలో వెల్డింగ్ నేర్చుకుని, ఇనప చట్రాలు చేసే షెడ్డులో అప్రెంటిస్ పరీక్షకు వెళ్ళింది ఆ మంగళవారం. పదకొండు మంది మగపిల్లలు, తనొక్కతే ఆడపిల్ల. రెండు పలకలు ఇచ్చి అతకమన్నారు. సూపర్‌వైజర్ నరేంద్ర ఆమె అతుకును సుత్తితో కొట్టి చూశాడు, గోటితో గీరి చూశాడు. వంక దొరకలేదు.

"పక్కా పని. రెండు సీట్లలో ఒకటి నీదే," అని ఆధార్ కార్డు అందుకున్నాడు. చూసి మొహం చిట్లించాడు. "అరే, ఈ జూలైకి పదిహేడేనా? ఇక్కడ గ్యాసూ మంటలూ. పద్దెనిమిది లేకపోతే గేటు దాటనివ్వరు."

"మొన్న మాఘంలోనే నాకు పద్దెనిమిది నిండాయి భయ్యా."

"నీకు నిండాయి. కాగితానికి నిండలేదు కదా బెహన్."

వెనక నుంచి ఒకడు, "బచ్చీకి పాలు పట్టండిరా!" అన్నాడు. మిగతావాళ్ళు ఘొల్లుమన్నారు. నీలిమ చేతి తొడుగు తీసి వాడి మొహాన కొట్టలేదు. మడిచి బల్ల మీద పెట్టింది. కోపాన్ని చిల్లరగా ఖర్చుచేసే పిల్ల కాదు.

నరేంద్ర గొంతు తగ్గించాడు. "పుట్టిన ఆస్పత్రి కాగితం ఉంటే, తప్పు దిద్దమని దరఖాస్తు పెట్టి రసీదు పట్రా. సోమవారం దాకా సీటు ఆపుతాను. కానీ నువ్వు మైనరువి. అఫిడవిట్ మీ నాన్నే ఇవ్వాలి."

నాన్న చినబాబు ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు. వారం కిందట కంటికి ఆపరేషన్ జరిగింది. నల్ల కళ్ళద్దాలతో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"నా పుట్టినరోజు తప్పు రాయించింది నువ్వేనా నాన్నా?"

"తప్పేటే గుంటా? కావాలనే రాయించినాను," అన్నాడు, మంచి పని చేసినవాడి ధీమాతో. "మీ తాత పదారేళ్ళకే నాకు పద్దెనిమిదని రాయించి ప్లాంటులో ఎక్కించీసినాడు. ఏటయింది? యాభై ఎనిమిదికే మెళ్ళో దండేసి ఇంటికి పంపీసినారు. రెండేళ్ళు గంగలో కలిసిపోనాయి. నా కూతురికి ఆ నష్టం రాకూడదనే ఏడాదిన్నర తగ్గించినాను. అరవయ్యో ఏట నన్ను తలుసుకుంటావు."

అరవయ్యో ఏట! నీలిమకు ఒళ్ళు మండిపోయింది. ఏడాదులన్నీ ఒకటే అనుకున్నాడు ఈ మనిషి. మామిడిపండుకు వైశాఖంలో ఉన్న విలువ వానలు పడ్డాక ఉంటుందా? చివర ఎప్పుడో పనికొస్తుందో రాదో తెలియని ఏడాదిన్నర కోసం, చేతిలో పండివున్న ఏడాదిన్నరను పారేశాడు.

"నీకు లేని పద్దెనిమిదిని తాత అబద్ధమాడి తెచ్చిచ్చాడు. నాకు ఉన్న పద్దెనిమిదిని నువ్వు అబద్ధమాడి లాక్కున్నావు. నడు, అఫిడవిట్ రాసియ్యి."

"నాను అబద్దమాడినానని కచేరీలో రాసివ్వాలా? నలుగురూ ఏటనుకుంటారు? చిన్నపిల్లవి, ఏడాది ఆగితే ఏటి పోయింది?"

"చిన్నపిల్లనా? పన్నెండేళ్ళకి పెద్దమనిషినయ్యానని వీధికి అడ్డంగా టెంటు వేయించి మూడొందల మందికి భోజనాలు పెట్టావు. నాకు సిగ్గుగా ఉంది, వద్దని ఏడిస్తే విన్నావా? అప్పుడు నలుగురికీ చాటిన పెద్దమనిషి, సంతకం దగ్గరకొచ్చేసరికి చిన్నపిల్ల అయిపోయిందా?"

వంటింట్లోంచి తల్లి లక్ష్మీకుమారి కేకేసింది. "ఓలమ్మ, అదేం నోరే! అంత పెద్దదానివైపోనావు, తండ్రితో అలగేనా మాటాడ్డం? రా, వచ్చి అన్నం వార్చు."

కొనడానికి ఒక తక్కెడ, అమ్మడానికి ఒక తక్కెడ పెట్టుకున్న దుకాణంలా ఉంది ఇల్లు. చాకిరీ తూచేటప్పుడు తను పెద్దది. హక్కు తూచేటప్పుడు చిన్నది. అలాంటి దుకాణంతో అరిచి లాభం లేదు, సరుకు ఆపెయ్యాలి.

"వార్చను," అంది నీలిమ. "వేడి గంజి. మైనర్ని. చెయ్యి కాలితే పూచీ ఎవరిది?"

మర్నాడు గ్యాస్ బండి వీధిలోకి వచ్చి హారన్ కొట్టింది. సిలిండరు దించేది ఎప్పుడూ నీలిమే. కదల్లేదు. బ్యాంకు నుంచి హిందీలో ఏదో ఉత్తరం వస్తే చినబాబు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. "పెద్దవాళ్ళ కాగితాలు పిల్లలు చదవకూడదు," అని తిరిగి ఇచ్చేసింది. గురువారం కంటి డాక్టరు దగ్గరకు స్కూటీ మీద తీసుకెళ్ళమన్నాడు.

"మైనరు బండి నడిపితే చలాన్. నిన్నే పట్టుకుపోతారు."

"ఇన్నాళ్ళూ నడిపినావు కదే?"

"ఇన్నాళ్ళూ నాకు పద్దెనిమిది అనుకున్నాను."

కంట్లో చుక్కలు మాత్రం పూటపూటా వేసింది. రెప్ప కాస్త గట్టిగానే లాగి వేసింది.

శుక్రవారం పొద్దున్న చినబాబు ట్రంకుపెట్టె అడుగునుంచి పసుపురంగు తిరిగిన ఆస్పత్రి కాగితం తీశాడు. "ఎక్కడికెల్లాలో సెప్పు," అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

దుర్గ్ కచేరీ బయట, చెట్టు కింద నోటరీ గుమాస్తా కంప్యూటరు పెట్టుకుని కూర్చున్నాడు. విషయం వినగానే చులాగ్గా అన్నాడు. "స్కూల్ క్లర్క్ కీ గల్తీ లిఖ్ దేతే హై. సబ్ వహీ లిఖాతే హై."

తప్పు బడి గుమాస్తా నెత్తిన పడేస్తే సరి, అందరూ చేసేదే. చినబాబు మొహం వెలిగింది. కూతురి వైపు తిరిగాడు. "ఏటంటావు? అదే రాయించీమా?"

"నన్నడక్కు. మైనరు మాట చెల్లదు."

అలా అంది గానీ కళ్ళు తిప్పుకోలేదు. షెడ్డులో ఆ కుర్రాడి మొహాన కొట్టకుండా మడిచిపెట్టిన కోపమంతా ఆ చూపులోనే ఉంది. ఇంకొక్క అబద్ధం నా పేరున రాయించావా, నీకూ నాకూ ఇక్కడితో సరి అంటోంది ఆ చూపు.

చినబాబు నల్లద్దాలు తీశాడు. ఎండకు కన్ను నీరు కారింది. నలభై ఏళ్ళు ప్లాంటులో నెట్టుకొచ్చిన వచ్చీరాని హిందీలో మెల్లగా అన్నాడు.

"నై సాబ్. క్లర్క్ కా నై. హమ్ ఖుద్ ఝూఠ్ లిఖాయా."

తనే అబద్ధం రాయించానని ఒప్పుకున్న మనిషిని నోటరీ గుమాస్తా తలెత్తి ఒకసారి చూసి, భుజాలెగరేసి, టైపు కొట్టాడు. చినబాబు సంతకం పెట్టాడు. అక్కణ్ణుంచి దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకునేసరికి మూడయింది.

"కోపం తగ్గిందేటే గుంటా?" అన్నాడు గేటు దగ్గర.

"తగ్గలేదు. సోమవారం హథ్‌ఖోజ్ గేటు దాటాక అడుగు."

రసీదు నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుంది. ఇంకా కన్ను కుదురుకోని మనిషి, రోడ్డు నిండా లారీలు. తండ్రి మోచెయ్యి పట్టుకుని దాటించింది, కావలసినదానికన్నా గట్టిగానే.