పార్సిల్ కౌంటర్లో గడియ

ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఊళ్లో ఇద్దరో ముగ్గురో ఉంటారు. మిగతా అందరికీ గడియే. పదకొండేళ్ల వయసులో, స్కూలు హాకీ జట్టుకు ఒక మనిషి తక్కువైతే, డ్రిల్లు మాస్టారు ఆమె చేతికి స్టిక్కిచ్చి వెనకాల నిలబెట్టారు. ఎదుటి జట్టు ఎటునుంచి వచ్చినా ఆ రోజు బంతి ఆమెను దాటలేదు. "తలుపుకు గడియ పడ్డట్టుంది" అన్నారు మాస్టారు. ఆ పేరే అతుక్కుపోయింది.

బస్సు డిపోలో మెకానిక్ కూతురు ఒలింపిక్స్ దాకా వెళ్లింది. అదీ రెండుసార్లు. రెండోసారి పతకం కోసం ఆడిన మ్యాచిలో, ఆఖరి నిమిషాన ఎదుటివాళ్లకు పెనాల్టీ కార్నరు, అంటే గోలు ముందునుంచి బంతి కొట్టే అవకాశం, దొరికింది. అలాంటప్పుడు గోలు గీత మీంచి, బంతి కొట్టేవాళ్ల మీదికి సూటిగా పరిగెత్తడం ఆమె పని. పరిగెత్తింది. బంతి వచ్చి మోకాలికి తగిలి, దారి మళ్లి గోల్లోకి పోయింది. జట్టుకు నాలుగో స్థానం, ఆమెకు మోకాలి ఆపరేషను మిగిలాయి.

ముప్పై ఒకటో ఏట సొంతూరి పోస్టాఫీసులో, పార్సిళ్ల కౌంటర్లో ఉద్యోగమిచ్చారు.

ఆ కౌంటరును పాతికేళ్లుగా ఏలుతున్నది పార్సిల్ పిన్ని. వరసకు ఎవరికీ పిన్ని కాదుగానీ, పోస్టుమాస్టరు కూడా అలాగే పిలుస్తారు. ఆటల గురించి ఆవిడకు ఓనమాలు తెలియవు. మొదటి రోజు గడియను ఎగాదిగా చూసి, "ఇక్కడ పరుగుల్లేవమ్మాయ్. నిలబడే పని. మోకాలు ఓర్చుకుంటుందా?" అంది. జవాబు వినకుండానే లోపలి గదిలోంచి ఎత్తు స్టూలు ఈడ్చుకొచ్చి వేసింది.

బరువు తూచాలి, స్టాంపు గుద్దాలి, పైన రాసిన ఊరు చూసి ఉత్తరం దిక్కు సంచిలోనో దక్షిణం సంచిలోనో వేయాలి. అంతే పని. కానీ చేతులకు వేరే పని అలవాటు. బరువు తప్పు రాసేది. స్టాంపు తలకిందులుగా గుద్దేది. "పర్లేదు మేడమ్" అనేవాళ్లు జనం. ఫోటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. అంతమంది మధ్య కూచున్నా ఆమెకు ఒంటరిగా ఉండేది.

రెండో నెలలో ఒక చిన్న పార్సిలు తప్పుడు సంచిలో పడింది. అందులో ఉన్నది కళ్లజోడు. దక్షిణాన ఒక చిన్న ఊళ్లో పుస్తకాలు బైండు చేసే పెద్దాయనది. పది రోజులు చూసి, అది లేక సూదిలో దారం ఎక్కించలేకపోతున్నానని ఆయన ఫోన్ చేశాడు.

"కొత్తమనిషి కదా. ఆవిణ్ణేమీ అనకండి" అన్నారు పోస్టుమాస్టరు మెల్లిగా.

"ఎందుకనకూడదు?" అంది పిన్ని. గడియ వైపు తిరిగింది. "కళ్లు నెత్తిమీదున్నాయా? ఈ సంచి ఇటు, ఆ సంచి అటు అని లక్షసార్లు చెప్పాను. అవతల ఒక మనిషి పని మానుకుని గోళ్లు గిల్లుకుంటున్నాడు."

గడియ కళ్లలో నీళ్లు తిరిగాయి. పిన్నికి కాస్త కంగారు పుట్టింది.

"ఏడవమని తిట్టలేదే."

"అందుక్కాదు పిన్నీ. ఆపరేషనయ్యాక నన్నెవరూ తిట్టలేదు. ఆ మ్యాచి గురించి కూడా. అందరిదీ పర్లేదు, పర్లేదు. ఇంక దీనివల్ల ఏ పనీ కాదులే అనుకుని అంటున్నారేమో అనిపిస్తుంది."

పిన్ని జిగురు సీసా మూత బిగించింది. "సరే. రేపట్నించి రోజూ తిడతాను. నాకదేం కష్టం కాదు" అంది.

నాలుగు రోజులకు పార్సిలు వెనక్కి వచ్చింది. మళ్లీ సంచిలో వేయడానికి గడియకు మనసొప్పలేదు. ఆదివారం తనే తీసుకెళ్తానంది. "నీకు దారి తెలిసేడుస్తుందా" అంటూ పిన్ని కూడా బస్సెక్కింది.

బైండింగు పెద్దాయన గదంతా జిగురు వాసన, కాగితాల దొంతర్లు. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ముందుగా సూదిలో దారం ఎక్కించి చూసుకున్నాడు. తర్వాతే వీళ్ల మొహాలు చూశాడు.

"ఇద్దర్లో ఎవరమ్మా తప్పు చేసింది?"

"నేనేనండీ."

"ఇంకోసారి చెయ్యకు. టీ తాగుతారా?"

ఆమె ఎవరో ఆయనకు తెలియదు. టీ తాగుతున్నంతసేపూ పుస్తకం ఎలా కుట్టాలో చెప్పాడు. గడియ చెవులప్పగించి వింది.

తిరుగు బస్సులో ఆమె ఎవరూ అడక్కుండానే ఆ ఆఖరి నిమిషం గురించి చెప్పింది.

"బంతొచ్చి తగిలితే అది నీ తప్పా?" అంది పిన్ని.

"నా స్టిక్కు పైకుంది పిన్నీ. అరజానెడు కిందికుంటే ఆగేది."

పిన్ని ఆలోచించింది. అబద్ధం చెప్పి ఊరడించడం ఆవిడకు చేతకాదు.

"అయితే నీ తప్పే. చేశావు, అయిపోయింది."

గడియకు నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వింది, ముందు సీటువాళ్లు తిరిగి చూసేలా. పిన్ని తన సంచి ఒళ్లోకి తీసుకుని, గడియ ఆపరేషనైన కాలు చాపుకోవడానికి చోటిచ్చింది.

ఆ తర్వాత పార్సిళ్లు దారి తప్పలేదని కాదు. తప్పినవాటిని గడియే వెతికి పట్టుకునేది.

ఏడాది తిరిగేసరికి పిన్ని రిటైరయింది. వారం గడవకుండానే ఒక ఉదయం వచ్చి గడియ ఇంటి తలుపు తట్టింది.

"ఇంట్లో ఏమీ తోచడం లేదు. ఆ ఆటేదో చూపించు."

ఆపరేషను తర్వాత గడియ స్టిక్కు ముట్టుకోలేదు. కుర్చీ ఎక్కి, బీరువా మీంచి దించి దుమ్ము తుడిచింది. ఇద్దరూ స్కూలు మైదానానికి నడిచారు. గడ్డి ఇంకా తడిగా ఉంది. గడియ పిన్ని వెనక నిలబడి, చీపురు పట్టినట్టు పట్టిన ఆ చేతుల్ని ఒక్కో వేలూ సర్ది పెట్టింది.

రెండుసార్లు గాలికే తగిలింది దెబ్బ. మూడోసారి బంతి లేచి కంచె పక్క పొదల్లోకి పోయింది.

"బాగుందా?"

"అస్సలు బాలేదు" అంది గడియ. "పద, వెతుకుదాం."

ఒకరికి మోకాలు, ఇంకొకరికి నడుం నొప్పి. మెల్లిగా మాట్లాడుకుంటూ పొదల దాకా వెళ్లారు.