ఏడు ఊపిర్ల పాట

ఉల్లిపాయ సగం తరిగింది, మిగతా సగం చెక్కమీద బోర్లాపడి అటూ ఇటూ ఊగుతోంది. అప్పుడు వినిపించింది ఈల. ఒక పొడుగు ఈల, అంటే మంచినీళ్ళు. ఆవిడ కత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకుని, గ్లాసు నింపి, ముందుగదిలో ఆయన కుర్చీ పక్క బల్లమీద పెట్టి వచ్చింది. ఆయన పేపరు దించలేదు. ఆవిడ మళ్ళీ కత్తి పట్టుకుందో లేదో, రెండు పొట్టి ఈలలు. అంటే టీ. నీళ్ళడిగినప్పుడే టీ కూడా కావాలని తోచదా మనిషికి అంటారేమో, తోచదు. తోచాల్సిన అవసరం ఆయనకి ఏనాడూ రాలేదు మరి.

ఆయన బడిలో ముప్పై ఏళ్ళు డ్రిల్లు మాస్టారు. రిటైరై నాలుగేళ్ళయినా మెడలో ఆ నల్లతాడు, తాడుకి ఆ ఈల అలాగే ఉన్నాయి. స్నానానికి వెళ్తే తీసి సబ్బుపెట్టె పక్కన పెట్టుకుంటారు. తువ్వాలు కావాలంటే ఊదాలి కదా! పొట్టివి మూడు ఊదితే తువ్వాలు. పొడుగు, పొట్టి, పొడుగు ఊదితే ఎవరో వచ్చారు, జుట్టు సరిచేసుకుని రమ్మని. పెళ్ళయిన మూడోరోజు సరదాగా మొదలైంది ఇదంతా. ఆయన ఊదారు, ఆవిడ నవ్వుకుంటూ పరిగెత్తుకొచ్చింది. ఆ నవ్వే కొంప ముంచింది. అత్తగారు చూసి మురిసిపోయి, "బళ్ళో అరిచీ అరిచీ నా కొడుకు గొంతు పోతోంది, ఇంట్లో కూడా అరవాలా ఏం? ఈలేస్తే పలుకుతోంది, బంగారుతల్లి" అంది. ఆ ఒక్క మాటకి ఆవిడ ముప్పై నాలుగేళ్ళు పరిగెత్తింది. అత్తగారు పోయింది, ఆడపడుచులు ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళారు, కొడుకు పెద్దవాడై పెళ్ళి చేసుకుని, భార్యని ఇక్కడే ఉంచి ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళాడు, ఈల మాత్రం కొత్తదానిలా మెరుస్తూనే ఉంది. వారానికోసారి దాన్ని బూడిదతో తోమేది కూడా ఆవిడే.

పోయిన వానాకాలం ఆవిడకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. పదిరోజులు ఆస్పత్రిలో ఉంది. ఇంటికొచ్చాక వంటింట్లోంచి ముందుగదికి వెళ్ళేసరికే రొప్పు. గ్లాసు బల్లమీద పెట్టి, గోడ పట్టుకుని నిలబడిపోయేది. "ఏమిటా ఆయాసం, కొండెక్కి వచ్చినట్టు!" అనేవారు మాస్టారు. డాక్టరు చూసి, ఆస్పత్రి వెనకవైపు ఊపిరి కసరత్తులు నేర్పే గదికి పంపాడు. వారానికి రెండు రోజులు. అక్కడ ఒక పిల్ల ఉండేది, ఇరవై అయిదేళ్ళుంటాయేమో, గలగలా మాట్లాడేది. ఆవిడ దానికి ఊపిరిపిల్ల అని పేరు పెట్టుకుంది. ఆ పిల్ల ఒకరోజు సొరుగు లాగి, జానెడు పొడుగున్న మౌత్ ఆర్గాన్ తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"ఇదేం ఆట తల్లీ, ఈ వయసులో?"

"ఆట కాదమ్మా, మందు. మీ ఊపిరితిత్తులకి ఇంతకన్నా మంచి కసరత్తు లేదు. ఊదితే ఒకలా పలుకుతుంది, లోపలికి పీలిస్తే ఇంకోలా పలుకుతుంది."

"పీల్చినా పలుకుతుందా!"

అది ఆవిడకి వింతగా తోచింది. ఇన్నేళ్ళుగా తను లోపలికి పీల్చుకున్నది ఒక్కటీ పైకి పలికింది లేదు.

మొదటిరోజు తలకిందులుగా పట్టుకుంది. సన్న గొంతు ఉండాల్సినచోట బొంగురు గొంతు, బొంగురు ఉండాల్సినచోట సన్నం. రెండోరోజు ఒక రంధ్రం ఊదబోతే మూడు పలికాయి, సంతలో ముగ్గురు ఒకేసారి బేరమాడినట్టు. పెదవి ఎండిపోయి రేకుకి అంటుకుని చర్మం లేచింది. లాలాజలం గడ్డం దాకా కారింది. గట్టిగా ఊదేసరికి కళ్ళు తిరిగి కుర్చీలో కూలబడింది. ఊపిరిపిల్ల ఓపిగ్గా, "ఒక్క రంధ్రమే పలకాలంటే మూతి ఇలా సున్నా చుట్టాలమ్మా, ఈల వేసినట్టు" అంది.

"ఈల మూతి నేను పెట్టను" అంది ఆవిడ. ఎంత గట్టిగా అందంటే పక్క బల్ల దగ్గర బెలూను ఊదుతున్న ముసలాయన ఆపి చూశాడు.

ఆ పిల్ల, "సరే, ఇంకో దారుంది. నోరు వెడల్పుగా పెట్టి నాలుగు రంధ్రాలు కప్పేయండి. మూడింటికి నాలుక అడ్డం పెట్టండి. మూలన మిగిలిన ఒక్కటే పలుకుతుంది. కొంచెం కష్టం" అంది. అందరికీ కష్టమేనేమో గాని ఆవిడకి కాదు. నాలుకని ఒకచోట కట్టిపడేసి కూర్చోవడం ఆవిడకి బాగా అలవాటున్న పనే.

ఆవేళే జరిగింది అసలు సంగతి. కోడలు ఆఫీసుకి సెలవు పెట్టి తోడొచ్చింది. ఇద్దరూ ఆస్పత్రి ఆవరణలో నడుస్తున్నారు. వెనక్కి వస్తున్న కారుని ఆపడానికి వాచ్‌మన్ ఒక పొడుగు ఈల వేశాడు. అంతే! ఆవిడ చేతిలో సంచి జారవిడిచి, గిర్రున వెనక్కి తిరిగి, "తెస్తున్నా, తెస్తున్నానండీ!" అని రెండడుగులు పరిగెత్తింది. మందుల వరసలో నిలబడ్డవాళ్ళందరూ గొల్లుమన్నారు. "మిమ్మల్ని కాదు పెద్దమ్మా, కారుని" అన్నాడు వాచ్‌మన్, నవ్వాపుకోలేక. కోడలు ఒంగి సంచి తీసింది. తను మాత్రం నవ్వలేదు.

ఇంటికెళ్ళగానే, మావగారికి సిగ్గొస్తుందనుకుని పాపం, కోడలు మొహం ఎర్రగా చేసుకుని జరిగింది జరిగినట్టు చెప్పింది. మాస్టారు విని పొట్ట పట్టుకుని నవ్వారు. దగ్గొచ్చేదాకా నవ్వారు. "చూశావా అమ్మాయ్! ముప్పై నాలుగేళ్ళ తర్ఫీదు! బళ్ళో ఇన్ని వేలమందిని చూశాను, ఒక్క వెధవకి రాలేదు ఇంత క్రమశిక్షణ!" అన్నారు. ఆ సాయంత్రం పక్కింటాయనకి చెప్పారు. మర్నాడు మంగలికి చెప్పారు, ఫోన్లో బావమరిదికి చెప్పారు. చెప్పినకొద్దీ కథ పెరిగింది. నాలుగోసారికి ఆవిడ చేతిలో సంచి పాలగిన్నె అయింది, పదోసారికి రోడ్డుమీద బస్సులన్నీ ఆగిపోయాయి.

ఆవిడ ఏడవలేదు. గుండెల కింద ఏదో మంటలా రగులుతుంటే అజీర్తి అనుకుని జీలకర్ర నమిలింది. తగ్గలేదు. రెండురోజులకి గాని దాన్ని గుర్తుపట్టలేదు, కసి అని. ఎప్పుడూ ఎరగని రుచి కదా మరి.

కసి అయితే ఉంది, దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. ఊపిరిపిల్ల చెప్పినట్టు రోజూ భోజనానికి ముందు వంటింట్లో నిలబడి కసరత్తు చేసేది. కడుపు నిండాక ఊదితే ఆయాసమొస్తుంది, అందుకని ముందే. ఏడు ఊపిర్లు. ఊదు, ఊదు, పీల్చు. ఊదు, ఊదు, పీల్చు. చివర ఒక పొడుగు పీల్పు. అది అవగానే కడిగి పెట్టి, వడ్డించేది. మాస్టారు ముందుగదిలోంచి, "దువ్వెన నాకుతున్నావా?" అని వెక్కిరించేవారు. "మందండీ" అనేది. "మందైతే చప్పుడు చేయకుండా మింగు" అనేవారు. డాక్టరు కాగితం మీద రాశాడు కాబట్టి అంతకన్నా ఏమీ అనలేకపోయారు.

ఒకరోజు పెందలాడే ఆస్పత్రికి వెళ్ళాల్సొచ్చి, పదింటికే కసరత్తు చేసేసింది. చివరి పీల్పు అయి వెనక్కి తిరిగితే మాస్టారు బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. చెయ్యి కడుక్కున్నారు, తడి కూడా ఆరలేదు.

"ఏదీ?" అన్నారు.

"ఏది ఏదండీ?"

"భోజనం!"

"ఇంకా పదేనండీ."

ఆయన గడియారం వంక చూశారు, దాన్ని చేసినవాణ్ణి తిట్టారు, లేచి వెళ్ళిపోయారు. ఆవిడ మాత్రం మౌత్ ఆర్గాన్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. రగులుతున్న మంట చల్లారలేదు గాని, దాని మీద ఏం వండాలో తెలిసిపోయింది.

ఆ రోజు నుంచి "భోజనానికి రండి" అనే మాట ఆ ఇంట్లో లేదు. ఏడు ఊపిర్లు, వెంటనే కంచం, వేడివేడిగా. ఏడు ఊపిర్లు లేకుండా కంచం లేదు. ఒకరోజు పన్నెండున్నరకి, ఒకరోజు రెండింటికి. ఊపిర్ల వరస మార్చి వాయించి చూసింది, పేపరు కదల్లేదు. మూడో ఊపిరిలో రెండు రంధ్రాలు కలిసి పలికితే పేపరు సగం దిగి మళ్ళీ పైకి లేచింది. అంటే శుద్ధంగా పలకాలన్నమాట! గిన్నెలు తోముతూ నాలుకతో పళ్ళమీద సాధన చేసింది. బట్టలు ఆరేస్తూ ఊపిరి లెక్కపెట్టింది. పెదవి చీలితే వెన్న రాసుకుని మళ్ళీ పట్టుకుంది. ఊపిరిపిల్ల విని చప్పట్లు కొట్టింది. ఒక నిజమైన పాట, మొదటినుంచి చివరిదాకా, అప్పుడే నేర్పింది.

"ఎంత సాధన చేస్తున్నారమ్మా! సంగీతమంటే అంత ఇష్టమా?"

"ఇష్టమని కాదు తల్లీ, పనుంది" అంది ఆవిడ.

మూడు నెలలు గడిచాయి. ఒక సెలవురోజు మాస్టారు ఫోన్లో బావమరిదితో వాదిస్తుండగా ఏడు ఊపిర్లు వినిపించాయి. మాట మధ్యలో ఫోను బల్లమీద పెట్టేసి, వచ్చి, చెయ్యి కడుక్కుని కూర్చున్నారు. ఫోనులో బావమరిది అక్కడ "హలో, హలో" అంటూనే ఉన్నాడు. కోడలు మావగారిని చూసింది, అత్తగారిని చూసింది, చెంచా నోట్లోనే ఉంచుకుని కొరికింది.

"అత్తయ్యా... మీరూ..."

"మావయ్యగారికి కూర వడ్డించు" అంది ఆవిడ.

ఇంతలో మాస్టారి పాత విద్యార్థులంతా కలిసి ఆయనకి సన్మానం పెట్టారు. బడి హాల్లో, పొద్దున పదకొండింటికి. ముందురోజు సాయంత్రం ఆయన చొక్కా ఇస్త్రీ చేయించుకుంటూ చెప్పారు. "ఉపన్యాసం మధ్యలో ఆస్పత్రి సంగతి చెప్తాను. చెప్పి ఒక పొడుగు ఈల వేస్తాను. నువ్వు ముందు వరసలోంచి లేచి, వేదికెక్కి, గ్లాసులో నీళ్ళు పోసి నాకందించు. హాలు హాలంతా పడీ పడీ నవ్వాలి."

"వద్దండీ" అంది ఆవిడ.

"ఏం?"

"నలుగురిలో వద్దండీ."

"నలుగురిలో అయితేనే కదా మజా!"

ఆవిడ చొక్కా కాలర్ మడిచింది, చేతులు మడిచింది. తర్వాత వెళ్ళి మౌత్ ఆర్గాన్ శుభ్రంగా తుడిచి చేతిసంచిలో పెట్టుకుంది.

హాలు నిండా జనం. డ్రిల్లులో గుంజీలు తీసిన పిల్లలందరూ బట్టతలలతో, బొజ్జలతో కూర్చున్నారు. వేదిక మీద బట్ట కప్పిన బల్ల, దానిమీద నీళ్ళ జగ్గు, గ్లాసు, ఇంతింత పూలగుత్తులు. మాస్టారు మైకు ముందు రొమ్ము విరుచుకుని నిలబడ్డారు. "క్రమశిక్షణ అంటే ఏమిటి? బుర్రలో ఆలోచన పుట్టకముందే ఒళ్ళు కదలాలి. అదీ క్రమశిక్షణ!" అన్నారు. చప్పట్లు. ఆస్పత్రి కథ చెప్పారు, ఈసారి అందులో అంబులెన్సు కూడా ఆగింది. నవ్వులు. అప్పుడు ఈల నోట్లో పెట్టుకుని, ఆవిడ వైపు చూసి, ఒక పొడుగు ఈల వేశారు.

చెప్పొద్దూ, ఆవిడ మోకాళ్ళు లేవబోయాయి. వాటంతటవే. ముప్పై నాలుగేళ్ళ మోకాళ్ళవి, వాటినేం అంటాం? ఆవిడ రెండు చేతులతో కుర్చీ కోళ్ళు పట్టుకుని ఒంటిని కిందకి నొక్కిపెట్టింది. రెండో ఈల. "లేవండమ్మా, పిలుస్తున్నారు" అన్నారు వెనకనుంచి ఎవరో. మాస్టారి మొహంలో నవ్వు కొంచెం పక్కకి జరిగింది.

ఆవిడ సంచి తెరిచింది. మౌత్ ఆర్గాన్ తీసి, ఏ వైపు ఏది అని ఒకసారి చూసుకుంది. పెదవులు తడుపుకుంది. నోరు వెడల్పుగా పెట్టి, నాలుక అడ్డం పెట్టి, మొదలెట్టింది. ఊదు, ఊదు, పీల్చు. ఊదు, ఊదు, పీల్చు. ఒక్కొక్కటీ ఒంటరిగా, స్పష్టంగా హాలు చివరి గోడదాకా వెళ్ళింది. ఆఖరి పొడుగు పీల్పు, హాల్లో గాలంతా తన లోపలికి తీసేసుకుంటున్నట్టు.

మాస్టారి నోట్లోంచి ఈల జారి రొమ్ముమీద పడింది. ఆయన మైకు వదిలేసి, వెనక్కి తిరిగి, బల్ల దగ్గరికి వెళ్ళి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చొక్కా కుడిచేతి మడత పైకి తోశారు. జగ్గు వంచి తనే గ్లాసులో నీళ్ళు పోసుకుని, పూలగుత్తిలోకి చెయ్యి కడుక్కున్నారు. ఎడమచేత్తో మిగతా పూలు పక్కకి నెట్టి, కంచానికి చోటు చేసుకుని, తలెత్తి చూశారు.

వెనక వరసలో ఒక బట్టతల ఫక్కున నవ్వింది. అంతే, హాలు హాలంతా పడీ పడీ నవ్వింది. ఆయన కోరుకున్నట్టే. మాస్టారు తడిచేతి వంక చూసుకున్నారు, అది ఎవరిదో అన్నట్టు.

అప్పుడు లేచింది ఆవిడ, తనంతట తనే. మైకు అక్కర్లేకపోయింది, ఊపిరితిత్తులు ఇప్పుడు బాగానే ఉన్నాయి.

"మాస్టారికి ముప్పై నాలుగేళ్ళు పట్టింది. నాకు మూడు నెలలు."

ఇంటికొచ్చాక మాస్టారు గుమ్మంలో చెప్పులు విడుస్తూ, గోడకేసి చూసి, "ఆ డబ్బా ఈ ఇంట్లో ఇంకోసారి మోగడానికి వీల్లేదు" అన్నారు.

"సరేనండీ" అంది ఆవిడ.

మోగలేదు. ఒంటిగంటయింది. అన్నీ పొయ్యిమీదే ఉన్నాయి, మూతలు పెట్టి, వేడిగా. అత్తాకోడళ్ళు వడ్డించుకుని తిన్నారు, రెండు కంచాలు కడిగి బోర్లించారు. రెండయింది. మాస్టారు వచ్చి చెయ్యి కడుక్కుని బల్ల దగ్గర కూర్చున్నారు, లేచి వెళ్ళారు. మళ్ళీ వచ్చి కడుక్కున్నారు, మళ్ళీ కూర్చున్నారు. ఈల చేతిలోకి తీసుకున్నారు గాని నోటిదాకా వెళ్ళలేదు. భోజనానికంటూ ఒక ఈల ఆయన ఎప్పుడూ పెట్టుకోలేదు, అది వేళకి అదే వచ్చేది కనక. మూడయింది. వంటింటి గుమ్మంలో నీడ పడింది. ఆ గుమ్మంలో ఆయన నిలబడ్డం ఇదే మొదలు, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అదీ..." అన్నారు. "ఒక్కసారి... వాయించవూ?"

ఆ గొంతు ఆవిడ ఎప్పుడూ వినలేదు. జాలి అనేది నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ దాన్ని ఒకసారి రుచి చూసి, పాతదేనని గుర్తుపట్టి, మింగేసింది. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. సంచిలోంచి మౌత్ ఆర్గాన్ తీసి, వాయించడం మొదలుపెట్టింది. ఏడు ఊపిర్లు కాదు. ఊపిరిపిల్ల నేర్పిన పాట, మొదటినుంచి చివరిదాకా, ఊదుతూ, పీలుస్తూ, తప్పు పలికినచోట ఆగి, వెనక్కి వెళ్ళి సరిచేసుకుంటూ, తీరిగ్గా. మాస్టారు తడిచెయ్యి గాలిలో పట్టుకుని, బల్ల వైపు ఒక అడుగు వేసి, ఆగి, ఆవిడ వైపు చూశారు.

ఆ పాటకి భోజనం లేదు.